మూగ సినిమా మామ్మ

మొన్న మనవరాలు మల్లెపూల టీ కాచింది. ఆ వాసన తగలగానే, చిన్నప్పుడు పరదేశంలో మేమున్న బ్లాక్‌టౌన్‌లో మా పక్కింటి చైనా మామ్మ గుర్తొచ్చింది.

"ఆవిడ వయసులో ఉన్నప్పుడు షాంఘైలో మూగ సినిమాల హీరోయినట" అని నాన్న చెప్పారు. మూగ సినిమా అంటే మూగవాళ్ళు ఆడేదనుకున్నాను నేను. బడి అయ్యాక వెళ్తే మామ్మ టీ పోసి, ఏడుపు కనుబొమ్మలతో, భయం వేళ్ళతో చేసి చూపించేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. మూగావిడేగా, ఇంకెవరికీ చెప్పే వీల్లేదులే అన్న ధైర్యంతో, లెక్కల్లో తప్పానని, రిపోర్టు మీద నాన్న సంతకం నేనే పెట్టేశానని ఆవిడకి చెప్పేశాను.

మర్నాడు అమ్మా నేనూ బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి ఎవరో పిలిచారు.

"హలో మిసెస్! యువర్ కర్రీ, గుడ్ స్మెల్!"

చూస్తే మామ్మే! ఆవిడకి మాటలొచ్చు!

"థాంక్యూ ఆంటీ. మా పిల్ల డైలీ మీ ఇంట్లోనే కదా, వాట్ టాకింగ్ అంతసేపు?" అని నవ్వింది అమ్మ.

క్లిప్పుల బుట్ట గట్టిగా పట్టుకున్నాను. మామ్మ నా వైపు చూసింది. ఆ మొహం కడిగిన పలకలా ఉంది.

"నో టాకింగ్. ఓన్లీ టీ."

ఆ సాయంత్రం నాన్నకి నేనే చెప్పి తిట్లు తిన్నాను.

మాటల సినిమాలు వచ్చాక, యాస బాగోలేదని ఆవిడకి వేషాలివ్వడం మానేశారని చాలా ఏళ్ళకి తెలిసింది. ఆవిడ ఆఖరి మూగ వేషం మాత్రం మా కంచె దగ్గరే కట్టింది, నా కోసం.