డిమీటర్‌కు ఇప్పపువ్వు

ఎనభైల్లో ఒక ఎండాకాలం. కొత్తగూడెం దాటాక భద్రాచలం బస్సులో గ్రీకు దేవతల పుస్తకం తెరిచాను. మర్నాడు దానిమీదే పరీక్ష. ఒళ్లో మూటతో పక్కన కూర్చున్న ముసలామె బొమ్మలు చూసి, "ఎవరు బిడ్డా వీళ్లు?" అంది.

చెప్పాను. పిడుగులు విసిరే జియస్ అందరికీ రాజు, పొసైడన్‌ది సముద్రం, ఆర్టెమిస్‌ది వేట.

"చెట్టు కొట్టినోని సంగతి ఎవరు చూస్తరు?"

లారీల బాట కోసం కాంట్రాక్టరు ఆమె ఇప్పచెట్టును పడగొట్టించాడట. అడ్డంపోతే నవ్వాడట.

డిమీటర్ బొమ్మ చూపించాను. పంటల తల్లి. తన వనంలో చెట్టు నరికినవాడికి తీరని ఆకలి పెట్టింది. ఎంత తిన్నా కడుపు నిండక, చివరికి వాడు తన ఒంటినే కొరుక్కు తిన్నాడు.

"గట్లనే కావాలె."

ఆమె మూట విప్పింది. నిండా ఆ చెట్టు ఆఖరి పువ్వులు. దేవతకు పెట్టనిదే ఆమె గూడెంవాళ్లు కొత్త పువ్వు నోట్లో వేసుకోరట. గుప్పెడు తీసి డిమీటర్ బొమ్మ మీద పోసింది.

"ఆ కతల వానికి పిల్లలు లేరా?"

"ఒక కూతురు. తిండి కోసం ఆమెను అమ్ముకున్నాడు."

కాంట్రాక్టరుకూ ఒక ఆడపిల్ల ఉందట. ముసలామె కుప్పలోంచి ఒక్క పువ్వు వెనక్కి తీసుకుంది.

"పిల్ల జోలికి పోవద్దని చెప్పు. వాణ్ని మాత్రం ఇడువద్దను."

పాల్వంచ దాటాక అడవిలో దిగిపోయింది.

అప్పటి పుస్తకాలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను. ఇప్పపువ్వు మరక పడిన ఆ ఒక్కటీ ఉంచుకున్నాను. నేను క్షమించనివాడు ఒకడున్నాడు. వాడికి పిల్లలు లేరు.