వట్టి రోలు దంచకూడదు

గురవమ్మ కుడిచెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు. కొప్పు ముడుచుకోవాలంటే ఎదురు కొట్టు జెస్సీని పిలుస్తుంది. తిరుపతిలో ఎముకల డాక్టరు ఆ నొప్పికి ఏదో పొడుగాటి పేరు చెప్పి, ఇక రోకలి పట్టుకుంటే ఈ చెయ్యి మీకు దక్కదన్నాడు. ఆ పేరు గురవమ్మకు గుర్తులేదు. ఆ నొప్పి తెచ్చిపెట్టినవాడి పేరు మాత్రం బాగా గుర్తుంది. అది నా పేరు.

పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే దారిలో, మా ఊరి మలుపు దగ్గర ఆమెకు ఒక రేకుల కొట్టు ఉంది. పదిహేడో ఏట కోడలిగా వచ్చి అత్త కొత్తగా ఆ కొట్టు పెడితే ఆమె చేతికింద రాగి సంగటి కెలకడం మొదలుపెట్టింది. అత్త పోయింది, మొగుడు సుందరరాజు పోయాడు, సంగటి తెడ్డు మాత్రం ఆమె చేతిలోనే మిగిలింది. సంగటిలోకి ఆమె చేసే ఊరిబిండి లారీవాళ్లకు ప్రాణం. వేయించిన చెనిక్కాయలు, అంటే వేరుశెనగ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, చివర్లో వెల్లుల్లి వేసి రోట్లో దంచిన పచ్చడి అది. తర్వాత వెడల్పు రోడ్డు ఇంకో పక్కగా పోయింది. లారీలు దాని వెంటే పోయాయి. తినేవాళ్లు తగ్గాక గురవమ్మ మిక్సీ కొనుక్కుంది. రోలు కొట్టు వెనక వేపచెట్టు కింద వానకు తడుస్తూ ఉండిపోయింది.

రోడ్డుకు అవతల ఏబెల్ పంక్చరు షాపు. ఏబెల్, అతని భార్య జెస్సీ పొద్దస్తమానం రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్లు. నువ్వు ప్రార్థనలో దేవుణ్ణి మేకులు అడుగుతావటగా అని నేనంటే ఏబెల్ నవ్వేవాడు. జెస్సీ నవ్వేది కాదు.

పోయిన చలికాలంలో చెన్నై వ్యాను ఒకటి టైరు పోయి మలుపులో ఆగింది. తిరుమల దర్శనం చేసుకుని, కార్వేటినగరం పాత రాజభవనం కూడా చూసిపోదామని వచ్చిన కుటుంబం. ఏబెల్ టైరు విప్పుతుంటే వాళ్లలో ఒకావిడ, ఇక్కడ చూడ్డానికి ఏముందని, గురవమ్మ కొట్టు బెంచీ మీద కాలక్షేపం చేస్తున్న నన్ను ఇంగ్లీషులో అడిగింది. తెలుగులో అడిగి ఉంటే ఏమీ లేదమ్మా అనేవాణ్ణి. చిత్తూరు కాన్వెంటులో సిస్టర్లు నాకు రెండు విషయాలు నేర్పారు, ఇంగ్లీషు మాట్లాడాలని, అబద్ధం ఆడకూడదని. మొదటిది బాగా అబ్బింది.

చూడ్డానికి ఉన్నది వేపచెట్టు, దాని కింద రోలు. కాబట్టి రోలు చూపించాను. ఇది రాజావారి వంటింటి రోలన్నాను. రోకటి చప్పుడు చెవిన పడనిదే ఆయన కంచం ముందు కూర్చునేవారు కారని, ఆ చప్పుడుకు గజశాలలో ఏనుగులు తలలూపేవని చెప్పాను. ఒకనాడు వెల్లుల్లి వాసనకు ఒక ఏనుగు గొలుసు తెంచుకుని వచ్చిందని, దాని దంతం తగిలే అంచు పగిలిందని కూడా చెప్పాను. అంచు నిజంగానే పగిలి ఉంది. అబద్ధానికి ఆ మాత్రం సందు దొరికితే చాలు, అందులో గూడు కట్టుకుంటుంది.

గురవమ్మ బయటికి వచ్చింది. "ఏందన్నా, వాళ్లు రోలు తట్టు అట్ల సూస్తాండారు?"

"ఊరిబిండి ఆ రోట్లో దంచింది కావాలంట."

"మిక్సీకేం రోగమొచ్చింది?"

అయినా రోలు కడిగింది, దంచింది. వాళ్లు వేళ్లు నాకుతూ తిని, అదంతా ఫోన్లలో పట్టుకుపోయారు. తర్వాతి ఆదివారం మూడు వ్యాన్లు ఆగాయి. దేనికీ పంక్చరు లేదు.

పర్యాటకం అంటే మనిషి తన ఊరు వదిలి ఇంకో చోటికి పోయి, అక్కడ ఏమీ సంపాదించకుండా, చూసి, తిని, ఖర్చుపెట్టి తిరిగి రావడమని పుస్తకాల్లో ఉంటుంది. దేశానికి దానివల్ల ఎంత లాభమో కూడా ఉంటుంది. మా మలుపులో నాకు అర్థమైంది ఇంకా చిన్నది. ఒకరి సెలవురోజు ఇంకొకరికి పనిరోజు. వ్యాను ఆగితే గురవమ్మ పొయ్యి ఒక్కటే వెలగదు. రైతు గురప్ప చెనిక్కాయలు మండీకి మోసుకుపోవడం మాని ఆమె కొట్లోనే దించుతున్నాడు. ఏబెల్ టైర్ల పక్కన టీ స్టవ్వు పెట్టాడు. జెస్సీ గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది, అవి అయిపోతే జామకాయలు, ఎండాకాలం మామిడికాయ ముక్కలు. మొదటిసారి నా మాటకు నవ్వింది కూడా. ఇదంతా ఒక పగిలిన రాయి తెచ్చిందంటే, కథ చెప్పిన నాకే నమ్మబుద్ధి కాలేదు.

కానీ అంతా మోస్తున్నది ఒక్క చెయ్యి.

వచ్చినవాళ్లకు తినడం కంటే చూడడం ముఖ్యం. ఒక్కసారి రోకలి ఎత్తమ్మా, ఫొటో తీసుకుంటాం అంటారు. ఊరికే ఎత్తి దించితే సరిపోయే పని అది. అయితే వట్టి రోలు దంచితే ఇంటికి మంచిది కాదని మా పక్క నమ్మకం. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒకసారి ఆటకని దంచినందుకు అత్త ఆమె వీపు మీద ఒకటి వేసిందట. కాబట్టి ఫొటో అన్నప్పుడల్లా గురవమ్మ గుప్పెడు చెనిక్కాయలు వేస్తుంది. వేసినవాటిని సగంలో వదిలితే తిండిని అవమానించినట్టు, కనుక మెత్తగా నలిగేదాకా దంచుతుంది. ఫొటో తీసినవాళ్లు వ్యానెక్కి వెళ్లిపోయి ఉంటారు. ఆమె ఇంకా దంచుతూనే ఉంటుంది.

వేసవికి చెయ్యి బరువెక్కింది. వానలు పడేసరికి కొంగు భుజాన వేసుకోవడానికి కూడా ఎడమచేతి సాయం కావాల్సి వచ్చింది. ఒక ఆదివారం జెస్సీ రోకలి అందుకుంది. వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసి, పెద్దామె లేదా అన్నారు. లోపల మంచం మీద పడుకున్న గురవమ్మ లేచి వచ్చింది. ఆ సాయంత్రం చెయ్యి పూర్తిగా పట్టేసింది. మర్నాడే తిరుపతి డాక్టరు ఆ మాట అన్నాడు.

అదే వారం పర్యాటక శాఖ నుంచి ఐశ్వర్య అనే అమ్మాయి వచ్చింది. బుధవారం మళ్లీ వస్తానంది. ఇది రాజావారి రోలని గురవమ్మ స్వయంగా చెబితే మలుపులో బోర్డు పెట్టిస్తామని, తిరుపతి నుంచి యాత్రికుల బస్సు ఒకటి రోజూ ఇక్కడ ఆగేలా చూస్తామని చెప్పి వెళ్లింది. ఆదివారాలే కాదు, రోజూ.

మంగళవారం మధ్యాహ్నం ఏబెల్ వచ్చి కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

"అక్కా, రేపు ఔనను. ఇంకేం అడగను."

"నా చెయ్యి సూసినావా?"

"సూసినా. బోర్డు పడితే దంచేదానికి ఒక మనిషిని పెట్టుకుందాం."

"పెడితే, పెద్దామె యాడ అంటారు. నీ పెండ్లామే పడింది గదప్పా ఆ మాట."

ఏబెల్ ఖాళీ రోడ్డు వైపు చూశాడు. "బస్సు రాకపోతే నేను మల్లా మేకులకు మొక్కుకోవాల్సిందే."

తప్పంతా నాదేనని నేను మొదలుపెట్టాను. "గమ్మునుండన్నా" అంది గురవమ్మ. "నీ నోటి పని అయిపోయింది. ఇంక నా నోటి పని."

బుధవారం ఐశ్వర్య వచ్చి రోలు చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. ఏబెల్, జెస్సీ రోడ్డుకు అవతలే నిలబడి చూస్తున్నారు. నేను వేపచెట్టు బెరడు పరిశీలిస్తున్నాను.

"అవ్వా, ఇది రాజావారి రోలేనా?"

గురవమ్మ రోలు పగిలిన అంచు మీద ఎడమచెయ్యి వేసింది. అంత అలసటలో అబద్ధమైనా నిజమైనా ఎత్తడానికి ఒకటే బరువు.

"మా అత్త పుత్తూరు సంతలో మేకపిల్లనిచ్చి తెచ్చుకునింది పాపా. ఈ కొట్టు పెట్టినప్పుడు ఎద్దులబండి మీంచి దించతా నేను జారవిడిసినా. అప్పుడు పగిలింది ఆ అంచు. ఏనుగూ లేదు, దంతమూ లేదు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకవ్వా చెప్పలేదు?"

"నన్ను ఎవురు అడిగినారు? నేను దంచినాను, అంతే. చెప్పేదానికి ఆయన ఉండాడు." ఎడమచేత్తో నన్ను చూపించింది. "నేనేం సత్తెమంతురాల్ని కాదు పాపా. ఆ కతతో నలుగురు తింటాంటే నాకూ బాగానే ఉండాది. అయితే నువ్వు బోర్డు పెడితే నేను సచ్చేదాకా దంచాల. బోర్డుకు చెయ్యి నొయ్యదు గదా."

ఐశ్వర్య రాయడం ఆపింది. రాజావారి మాట రాయలేనవ్వా అంది మెల్లగా. తర్వాత ఎండ తగ్గేదాకా కూర్చుని సంగటి తింది, మిక్సీలో తిప్పిన ఊరిబిండితో. దారిలో మంచి తిండి దొరికే చోట్ల జాబితాలో ఈ కొట్టు పేరు రాస్తానని చెప్పి వెళ్లింది. బోర్డు లేదు. రోజూ ఆగే బస్సు లేదు.

ఆ సాయంత్రం జెస్సీ రాలేదు. గురవమ్మ జుట్టు విరబోసుకునే రాత్రి వంట చేసింది. మర్నాడు పొద్దున నేను టీకి వెళ్లేసరికి జెస్సీ దువ్వెనతో ఆమె వెనక నిలబడి ఉంది.

"నా మింద కోపమా మే?" అంది గురవమ్మ.

"ఉండాది. తల ఇట్ల తిప్పు."

బుధవారం చెప్పిన నిజం ఫోన్లలోకి ఎక్కలేదు. కాబట్టి ఆదివారాలు ఇప్పటికీ ఒకటీ రెండు వ్యాన్లు ఆగుతాయి. ఏబెల్ టీ స్టవ్వు తీసేయలేదు, కానీ పొద్దున్నే వెలిగించడం మానేశాడు. వచ్చినవాళ్లు రోలు దగ్గరికి పోయి, దంచేది ఎవరని అడుగుతారు. "కత చెప్పినాయనే దంచతాడు" అంటుంది గురవమ్మ. అలా డెబ్బై నాలుగేళ్ల వయసులో నాకు ఉద్యోగం దొరికింది.

మొన్న చెన్నై అమ్మాయి ఒకతె నన్ను ఫొటో తీస్తూ, మీరు రాజుగారి వంటవాడి వంశమా తాతా అని అడిగింది. ఏనుగు నా నోటిదాకా వచ్చింది. బయటికి తోలడానికి ఊపిరి చాల్లేదు. కాదమ్మా అన్నాను. ఫొటో బాగా వచ్చింది, ఇంక చాలు తాతా అని ఆ అమ్మాయి వ్యాను వైపు నడిచింది. నేను రోకలి గోడకు ఆనించబోయాను.

గురవమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని.

"అప్పుడే యాడికన్నా?" అంది. "వెల్లుల్లి నలగలేదు."