ఆ ఒక్క ఊపిరిలో పెద్దమ్మ వాటా

“నువ్వు పాడలేదని నేనెప్పుడన్నాను? వినబడలేదన్నాను. రెండింటికీ చాలా తేడా ఉంది.”

“ఆహా, ఏం తేడా! ఆ తేడాతోనే అందరిలో నన్ను అబద్ధాలకోరును చేశావు.”

“చేసింది నేనా? పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్న వాళ్లందరికీ చెప్పుకుంది నువ్వు. నోట్లో దూది పెట్టుకుని మరీ చెప్పావు!”

“దూది ఉన్నా నా మాట వాళ్లకి అర్థమైంది. నీకు ఏ దూదీ లేకపోయినా అర్థం కాదు.”

మూడో అంతస్తు తలుపు బయట గొడుగు దులుపుకుంటూ ఇదంతా విన్నాను. లోపల పోట్లాడుకుంటున్నది మా అమ్మ అక్క, ఆమె మొగుడు. ఈ పోట్లాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. పళ్ల డాక్టరు మాత్రం కొత్త.

సంగతేమిటంటే, పాటలు వినే ప్రతివాళ్లకీ తెలిసిన ఒక గాయని ఉంది. ఆవిడ స్టూడియోలో పాడిన మొట్టమొదటి పాటలో, చివరి చరణానికి ముందు ‘ఆ’ అంటూ ఒకే స్వరం మీద నిలబడుతుంది. నిలబడుతుంది, నిలబడుతూనే ఉంటుంది. వినేవాడికి ఆయాసం వస్తుంది గానీ ఆవిడకు రాదు. అప్పటికి ఆవిడ ఇంకా పావడాల వయసు పిల్ల. తర్వాత పెద్ద పెద్ద వేదికలెక్కింది, ఆ పాట కొన్ని వేలసార్లు పాడింది. ఆ స్వరాన్ని అంతసేపు మళ్లీ ఎన్నడూ నిలపలేదు. ఎందుకమ్మా అని అడిగితే నవ్వి తర్వాతి పాట ఎత్తుకుంటుంది. అభిమాన సంఘాల వాళ్లు దీని మీద తలలు పగలగొట్టుకుంటున్నారు. టేపు అతికించారా? ఆ రోజు మైకు చుట్టూ ఎవరెవరున్నారు? డిస్కు అట్ట మీద కోరస్ వాళ్ల పేర్లు ఎందుకు లేవు?

మా పెద్దమ్మను అడిగితే సరిపోయేది. ఎవరూ అడగలేదు. అందుకే అడగని వాళ్లకు కూడా చెబుతుంది.

పెద్దమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాత, దర్జీ. పెద్దమ్మ మిషను తొక్కుతూ పాడుతుంటే, ప్యాంటు పట్టుకెళ్లడానికి వచ్చిన వయొలిన్ ఆయన విని స్టూడియోకు రమ్మన్నాడట. వెళ్లింది. అప్పటి నుంచి ఎవరు ముందు నిలబడినా వాళ్ల వెనక కోరస్‌లో ఈవిడ ఉంది. కీబోర్డు వచ్చి కోరస్ వాళ్లను ఇంటికి పంపేశాక, ఏడుస్తూ కూర్చోలేదు. బస్టాండులో బస్సుల పేర్లు చదివే ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. “ఆ పిల్ల గొంతు వినాలంటే టిక్కెట్టు కొనాలి. నా గొంతు వినకపోతే కొన్న టిక్కెట్టు దండగ” అంటుంది. దేశమంతా చేతులు జోడించే గాయనిని ‘ఆ పిల్ల’ అనే మనిషి నాకు తెలిసి ఈవిడొక్కతే.

కోరస్‌లో మొదటి పాఠం పాట కాదట, ఊపిరట. పక్కామె ఊపిరి తీసుకుంటున్నప్పుడు నువ్వు తీసుకోకూడదు. నీది అయిపోతే మెల్లగా తప్పుకుని, చప్పుడు కాకుండా తలుపు తీసుకుని గదిలోకి వచ్చినట్టు మళ్లీ కలవాలి. నలుగురికి ఇది చేతనైతే ఒక స్వరాన్ని సాయంత్రం దాకా నిలబెట్టొచ్చు. ఎవరు ఎక్కడ వదిలారో, ఎవరు ఎక్కడ అందుకున్నారో వినేవాడికి తెలిసిందా, పని చెడిందన్నమాటే.

ఆ రోజు సంగతి ఆవిడ మాటల్లోనే చెబుతాను.

“ఒకటే మైకు. అందరం దాని చుట్టూ. ఎవరు తప్పినా అందరం మొదటి నుంచీ పాడాలి. ఒకసారి తీగ తెగింది, ఒకసారి ఎవడో తుమ్మాడు. అన్నీ కుదిరేసరికి ఆ పిల్లలో ఊపిరి లేదు. నేను సరిగ్గా దాని వెనకున్నాను. ఊపిరి సంగతి భుజాలు చెబుతాయిరా. పైకి లేచాయంటే అడుగంటిందని. లేచాయి. నేను అందుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు, అలవాటు.”

“మరి ఆవిడకు తెలుసా?”

“వెనక్కి తిరగలేదు. తనే పాడాననుకుందేమో. అనుకోనీ, నాకేం పోయింది?”

“అదే రోజు పాడిన రెండో పాటలో గొంతు వేరేగా ఉంటుందంటారే, అదెవరు?”

“నాకేం తెలుసు? నేనప్పుడు కింద టీ తాగుతున్నాను.”

తెలిసింది గట్టిగా చెబుతుంది. తెలియనిది అంతకంటే గట్టిగా తెలియదంటుంది. అందుకే నేను నమ్మాను. పెద్దనాన్న నమ్మలేదు. ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. కింద నిలబడి, పైన ఏ చక్రానికి గ్రీజు కావాలో చెప్పగలడు. ఆ డిస్కును గ్రామఫోను పెట్టెకు చెవి ఆనించి మరీ విన్నాడు. “ఒకటే గొంతు. అతుకుంటే నా చెవికి దొరక్కపోదు” అన్నాడు. అన్న మాట మీదే ఉన్నాడు.

అభిమాన సంఘాలు, పత్రికలు పెద్దమ్మకు లెక్క లేదు. “లోకం నమ్మకపోతే లోకం ఖర్మ. రోజూ నా ఎదురుగా కూర్చుని తినేవాడు నమ్మడేం?” అనేది. నిజంగా ఆవిడను పొడిచేది అదొక్కటే.

నేను కాలేజీ మానేసి, పాత టేపులను కంప్యూటర్లోకి ఎక్కించే షాపులో పనిచేస్తున్నాను. టేపు మీది గరగర, దుమ్ము తీసి శుభ్రం చేయడం నా పని. మొన్న డిస్కుల కంపెనీ గోడౌన్లో దొరికిన పాత టేపులు మా దగ్గరికి వచ్చాయి. అందులో ఆ పాట అసలు టేపు ఉంది. “గరగర తియ్యి, గొంతు జోలికి మాత్రం పోకు” అని ఓనరు చెప్పాడు.

గరగర తీశాక ఆ స్వరం మధ్యలో ఒకచోట నాకు ఏదో తగిలింది. చొక్కా మీద వేలు రాస్తుంటే కుట్టు తగిలినట్టు. సన్నటి గొంతు ఇంకా ఉండగానే పక్కన మరో గొంతు బరువుగా దిగింది. క్షణంలో సన్నటిది తప్పుకుంది, రెండోది సాగిపోయింది. డిస్కు మోతలో ఇన్నేళ్లూ మరుగున పడిపోయింది ఇదే. ఎగిరి లేచాను. పైనున్న అల్మరా తలకు తగిలింది. లెక్కచేయలేదు.

ఆ రుజువును ల్యాప్‌టాప్‌లో వేసుకుని వచ్చిన రోజునే లోపల పళ్ల డాక్టరు గొడవ నడుస్తోంది. నేను తలుపు తోశాను. పెద్దనాన్న నన్ను చూసి, “రారా, మీ పెద్దమ్మకు కాస్త మంచినీళ్లివ్వు, అరిచి అరిచి అలిసిపోయింది. లిఫ్టు గుర్రుమంటోంది, చూసొస్తా” అంటూ జారుకున్నాడు. మంచిదే అనుకున్నాను. ముందు పెద్దమ్మ వినాలి.

హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు తగిలించాను. కళ్లు మూసుకుంది. పాట మొదలవగానే పెదవులు కదిలాయి. ఆ చోటు వచ్చింది. కళ్లు తెరిచింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఎవరో చెంప మీద కొట్టినట్టు చూసింది.

“ఛీ” అంది. “మళ్లీ పెట్టు.”

పెట్టాను. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నేనే.”

“అదే కదా పెద్దమ్మా! నువ్వే! ఇక పెద్దనాన్న నోరు మూతపడినట్టే.”

“వినబడుతోందిరా.”

“వినబడాలనేగా ఇన్నేళ్లు కొట్లాడావు!”

“పాడానని కొట్లాడాను. వినబడ్డానని ఎప్పుడన్నాను? తొందరపడ్డాను. ఆ పిల్ల వదలకముందే ధన్‌మని దిగాను. ఆ రోజే అనుమానమొచ్చింది. డిస్కు వచ్చాక విని, పర్లేదు, కలిసిపోయిందిలే అనుకున్నా. ఇంత బాగా అందుకున్నానని ఇన్నేళ్లు చెప్పుకుని తిరిగానే!”

నాకు మంట పుట్టింది. “నీకేమైనా పిచ్చా? ఆ టేపు మొత్తం మీద నువ్వున్నావనడానికి మిగిలింది అదొక్కటే. అది లేకపోతే మళ్లీ నువ్వు చెప్పే కబురే.”

“నా కబురుకేం తక్కువ? నమ్మేవాడు నమ్ముతాడు. నీలాగా. ఇది వింటే మీ పెద్దనాన్న నమ్ముతాడు, సరే. నమ్మి ఏమంటాడు? ‘చూశావా, అతుకు దొరికింది’ అంటాడు. పోయేదాకా అంటాడు. నిజమే కూడా, అది అతుకే. నేను చెప్పిన పని అలాంటిది కాదు.”

“గొంతు జోలికి పోవద్దన్నాడు మా ఓనరు.”

“మీ ఓనరు ఎప్పుడైనా కోరస్ పాడాడా?”

బయట లిఫ్టు కదిలిన చప్పుడైంది. పెద్దనాన్న దాన్ని బాగుచేసి పైకి వస్తున్నాడు. పెద్దమ్మ ల్యాప్‌టాప్‌ను నా వైపు తోసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఒరేయ్, గరగర తీశావుగా, నేను దిగిన ఈ చోటును కూడా నున్నగా చెయ్యి. గొంతు తియ్యకు, నా గొంతు అక్కడే ఉండాలి. ఆ అతుకొక్కటే పోవాలి. అది పోయాక మీ పెద్దనాన్నను కూర్చోబెట్టి వినిపించు. అంతవరకూ ఆయన చెవిన పడనివ్వకు.”