దండంలో అర్జీ కలపకు

మా పక్క క్వార్టర్ పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున్న నేను బడికి బయలుదేరుతుంటే ఆవిడ కోడలు పెరటి గోడ దగ్గరికొచ్చి, "అక్కా, అత్త లెగట్లేదు" అంది. వెళ్ళి చెయ్యి పట్టుకునేసరికే చల్లబడిపోయింది. నిద్రలోనే పోయిందట, ఎవర్నీ మంచినీళ్ళు కూడా అడక్కుండా. సాయంత్రం అర్పా నది ఒడ్డుకు తీసుకెళ్ళారు. రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగినవాళ్ళు మసి బట్టలతోనే వెంట నడిచారు.

ఇది చదివేవాళ్ళలో ఆవిడను ఎరిగినవాళ్ళు ఎందరుంటారో నాకు తెలియదు. ఎరగనివాళ్ళ కోసమే రాస్తున్నాను. ఆవిడ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్నా, ఆవిడ భర్తా ఒకే ఏడు బిలాస్‌పూర్ వచ్చి లోకో షెడ్డులో చేరారు. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పెద్దమ్మ అనే పిలిచాను.

పోయినవాళ్ళందరూ దేవతలే అనే రకం రాత నాకు చేతకాదు. పెద్దమ్మ కుళాయి దగ్గర బిందె పెట్టిందంటే పెద్ద ఇంజనీరు దొర వచ్చినా జరపనిచ్చేది కాదు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూనే అవతలివాళ్ళ ఏడు తరాలూ కడిగేసేది. మళ్ళీ మధ్యాహ్నానికి అదే మనిషికి పులుసు గిన్నె పట్టుకెళ్ళేది. మేము పంపిన గిన్నె ఆవిడ ఇంటి నుంచి ఒక్కనాడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఇంట్లో ఏమీ లేని రోజున ఒక కరివేపాకు రెబ్బయినా అందులో ఉండేది.

దండం పెట్టడం ఆవిడకు మహా అలవాటు. బియ్యం కోసం రైల్లో బిల్హా ఊరికి వెళ్ళి వచ్చేటప్పుడు నన్నూ తీసుకెళ్ళేది. రైలు దిగాక అందరూ గేటు వైపు పోతుంటే, మూట నా నెత్తిన పెట్టి తను ఇంజను దాకా నడిచి డ్రైవరుకు దండం పెట్టి వచ్చేది. ఆ డ్రైవరు దొర మొదట్లో ఈవిడేదో అడగడానికి వచ్చిందనుకుని చెయ్యి అడ్డంగా ఊపేవాడు. తర్వాత తర్వాత టోపీ తీసేవాడు. నాకేమో సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది.

మా నాన్న జ్వరంతో పోయిన ఏడాది సంగతి చెప్పాలి. రైల్వేలో మనిషి పోతే వెనకే ఇల్లూ పోతుంది. వానలు తగ్గగానే క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు. సొంత ఊళ్ళో మాకు పొయ్యి రాయి కూడా లేదు. అమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్ళు. అప్పుడే రైల్వే బడిలో తెలుగు పిల్లల తరగతికి పంతులమ్మ కావాలన్నారు. నేను ఎనిమిదో క్లాసు దాకా ఇంగ్లీషు చదివాను. ఆ ఉద్యోగం వస్తే ఈ ఊళ్ళో నిలుస్తాం, రాకపోతే మూటలు కట్టుకుని రైలెక్కాలి.

ఇంటర్వ్యూ చేసింది బడి పెద్ద దొరసాని. లెక్కలడిగింది, చదివించింది, అన్నీ బాగానే చెప్పాను. చివర, మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగింది. నాన్న లేరని చెప్పబోయాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆవిడ కుర్చీ తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను మొహం తుడుచుకున్నాక ఇటు తిరిగి, ఏమీ జరగనట్టు, పిల్లలకు పాటలు నేర్పగలవా అని అడిగింది.

ఇంటికొచ్చి ఏడుస్తూ ఇదంతా చెప్పాను. ఇక ఉద్యోగం వచ్చినట్టే అని అమ్మ తల పట్టుకుంది. గోడ అవతల నుంచి వింటున్న పెద్దమ్మ ఒక్కటే అడిగింది.

"నువ్వేడుస్తుంటే సూడకుండా కూకుంది కదా ఆ మాతల్లి. అందుకు దండం పెట్టి వచ్చావా?"

లేదన్నాను. దొరసానికి కాగితం మీద రాస్తేనే దండమని చెప్పి, మర్నాడు నన్ను స్టేషను ఎదుట టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే బాబు దగ్గరికి లాక్కుపోయింది. అమ్మ కూడా వచ్చింది. ఆ బాబు కాగితం ఎక్కించి, "అచ్ఛా, క్యా మాంగ్‌నా హై?" అన్నాడు. ఏమీ అడగడానికి రాలేదంటే అతనికి అర్థం కాలేదు. మా కాలనీలో కాగితం మీద అక్షరం పడిందంటే అది సెలవుకో, బదిలీకో, పిల్లాడి ఉద్యోగానికో అర్జీయే. అలవాటుకొద్దీ అతని చెయ్యి కూడా అదే రాసింది. దిక్కులేని విధవరాలు, పెళ్ళి కావలసిన ఆడపిల్లలు, పోబోతున్న క్వార్టర్, తమ పాదాలే శరణం. అమ్మకు చాలా నచ్చింది. పెద్దమ్మ మొత్తం నాచేత తెలుగులో చెప్పించుకుని, "ఇందులో దండమేదే?" అంది.

అమ్మ ఒంటికాలి మీద లేచింది. "అడగందే అమ్మయినా పెట్టదు. గూడు పోతుంటే ఉత్త దండాలేటి?"

"అడగడానికి ఇంకో రోజుంది. దండంలో అర్జీ కలపకు. కలిపితే అది దండం కాదు, బేరం."

నడిరోడ్డు మీద ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నాకు అమ్మ మాటే నిజమనిపించింది. అయినా ఇంటికొచ్చి సొంతంగా రాయడానికి కూర్చునేసరికి ఆ కిటికీయే గుర్తొచ్చింది. నేను మాట్లాడలేకపోయినప్పుడు తమరు అటు తిరిగి కూర్చున్నారు, నేను తేరుకునేదాకా ఆగారు, అందుకు కృతజ్ఞురాలినని నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. క్వార్టర్ మాట ఎత్తలేదు. పోనీ, దానితోపాటు ఒక గిన్నెడు బెల్లం పోకుండలైనా పంపుదామంది అమ్మ. పెద్దమ్మ ఒప్పుకోలేదు. గిన్నె వెళ్ళిందంటే ఆవిడ నింపి పంపాలి, ఆవిడ మీద ఆ బరువు ఎందుకంది. ఉత్త కాగితమే తీసుకెళ్ళి ప్యూనుకిచ్చి వచ్చాను.

ఉద్యోగం నాకు రాలేదు. ట్రైనింగు అయిన ఇంకో అమ్మాయికి ఇచ్చారు. అమ్మ పెద్దమ్మతో మాట మానేసింది. మా పుట్టి ముంచింది నువ్వేనని గోడకు వినబడేలా రోజూ అనేది. అదంతా విన్న పెద్దమ్మే, ఖాళీ చేసే రోజున షెడ్డులోనే పనిచేసే తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి మా ట్రంకు పెట్టె ఎత్తించి, స్టేషనుకు కాదు, తన ఇంట్లోకి పట్టించుకుపోయింది. "ముందు అన్నం తినండి" అంది. ఉన్నది ఒక గది, ఒక వసారా. ఆ పెట్టె మళ్ళీ బయటికి రాలేదు. ఆవిడ వడ్డించిన అన్నం కలుపుతూ అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

దీపావళి వెళ్ళాక, ఆ ట్రైనింగు అమ్మాయి పెళ్ళి చేసుకుని నాగపూర్ వెళ్ళిపోయింది. దొరసాని కబురు పెట్టింది. ఎప్పటి నుంచి రాగలవని అడిగింది తప్ప ఉత్తరం ఊసే ఎత్తలేదు. పరుగున ఇంటికొస్తే పెద్దమ్మ పెరట్లో బూడిద వేసి చేపలు తోముతోంది. అంతా ఆ ఉత్తరం మహిమేనా పెద్దమ్మా అని అడిగాను. ఆవిడకు కోపం వచ్చింది.

"ఉద్దోగం కోసం రాయించానేటే? ఆవిడ మంచి సేసింది, నువ్వు మంచిదని సెప్పావు. అది ఆ రోజే అయిపోనాది."

ఆ ఉత్తరం పనిచేసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఏడాది తిరిగాక మా పాత క్వార్టరే ఖాళీ అయి నా పేరున వచ్చింది. అమ్మ కడదాకా ఆ ఇంట్లోనే ఉంది. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఆ వాకిట్లోనే చేశాం. ఈ ఊళ్ళో నన్ను పంతులమ్మా అని పిలుస్తున్నారంటే, మా ట్రంకు పెట్టె ఆ రోజు ఎటు వెళ్ళిందో దానివల్లే. ఆ మాట ఆవిడతో ఎన్నోసార్లు అన్నాను. అన్నప్పుడల్లా చుట్ట నోట్లోంచి తీసి, "అచ్ఛా, సరేలే, గిన్నె ఇచ్చీ" అనేది.

పోయే ముందు రోజు ఆవిడ చింతకాయ పచ్చడి పంపిన ఇత్తడి గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. ఇవాళ తోమి పెట్టాను. ఏం వెయ్యాలో తోచలేదు. ఏది వేసినా చాలదనిపించింది. చివరికి ఒక కరివేపాకు రెబ్బ వేసి గోడ మీద పెట్టి, అక్కడే నిలబడ్డాను. గాజుల చెయ్యి ఒకటి అటు నుంచి వచ్చి ఆ గిన్నె అందుకుంటే చాలని నోటిదాకా వచ్చింది. అది అర్జీ. మింగేసి, చేతులు జోడించాను. అవతల పెరట్లో ఆవిడ పీట ఖాళీగా ఉంది. షెడ్డు వైపు నుంచి వచ్చిన మసి గిన్నెలో ఆకుల మీద సన్నగా పడుతోంది.