తిరిగి రాని ఇరవై స్టూళ్లు

పనిలో కూర్చున్న ప్రతిసారీ నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. మా సీసాల ఫ్యాక్టరీలో స్టోరు చూసిన ఆవిడను అందరం తాళాలత్త అనేవాళ్లం. మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు. నడుముకు తాళాల గుత్తి ఉండేది. మనిషి కంటే ముందు ఆ చప్పుడు వచ్చేది, వానకు ముందు గాలి వచ్చినట్టు.

అత్త పంతొమ్మిదేళ్ల వయసులో ఊడ్చే పనికి చేరింది. అట్టపెట్టెల మీద అక్షరాలు చూసి చదువు నేర్చుకుంది. తర్వాత స్టోరు అప్పగించారు. ఇరవై ఏడేళ్లు చూసింది. ఒక్క మేకు కూడా ఆమె సంతకం లేకుండా గడప దాటలేదు.

నాది తనిఖీ పని. మందులు నింపే చిన్న గాజు సీసాను వెలుతురు పెట్టె ముందు పట్టుకుని తిప్పాలి. బుడగ ఉందా, పగులు ఉందా చూడాలి. బల్లకు ఒకరు చొప్పున ఇరవై మందిమి. రోజంతా వెలుతురును చేత్తో పట్టుకుని చూస్తున్నట్టుండేది. చూపుకు అందంగానే ఉండేది. అందం తెలియనిది కాళ్లకే.

పాత యజమాని ఉన్నప్పుడు అక్కడ బెంచీలు ఉండేవట. ఫ్యాక్టరీని పై దేశపు కంపెనీ కొన్నాక ఎర్ర అట్ట పుస్తకం ఒకటి వచ్చింది. ఆ కంపెనీకి ఏ దేశంలో ఫ్యాక్టరీ ఉన్నా అదే పుస్తకం. అందులో ఒక వాక్యం: ‘తనిఖీ బల్లల వద్ద ఆసనాలు ఉండరాదు.’ మర్నాటికి బెంచీలు పోయాయి. మా దేశపు చట్టమేమో, కూర్చుని చేయగలిగే పనికి ఆసనం ఇచ్చి తీరాలంటుంది.

ఈ రెంటి మధ్య మేనేజరు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆలోచించి ఆలోచించి ఇరవై స్టూళ్లు కొన్నాడు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అవి బయటికి వచ్చేవి. ఆయన వెళ్లాక సాయంత్రం స్టోరు వెనక గదిలోకి పోయేవి. ఇచ్చి పుచ్చుకోవడం అత్త పని. మేం వాటిని చుట్టాలనేవాళ్లం. వస్తాయి, ఉండవు.

నాకు ఏడో నెల. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. ఎక్కువసేపు నిలబడితే బిడ్డకు మంచిది కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సెలవుకు ఇంకా ఆరు వారాలుంది. మానేస్తే నా బల్ల దగ్గరికి ఇంకొకరు వస్తారు. పని ఉండాలి, బిడ్డా ఉండాలి. మేనేజరు దగ్గరికి వెళ్లి ఒక్క స్టూలు అడిగాను.

“రూలు ఉందమ్మా. నేనేం చెయ్యను?” అన్నాడు, నా ముఖం చూడలేక కిటికీ చూస్తూ.

అత్తకు ఆ సంగతి తెలిసింది. ఆ మధ్యాహ్నమే వచ్చి, “చేతి తొడుగులు లెక్కపెట్టాలి. ఒక మనిషి కావాలి. ఇదిగో, ఈ పిల్ల చాలు” అని నన్ను స్టోరులోకి తీసుకుపోయి, బోర్లించిన పెట్టె మీద కూర్చోబెట్టింది.

“తొడుగులేవీ అత్తా?”

“నీ కాళ్లకంటే పెద్ద లెక్కా? పది నిమిషాలు నోరుమూసుకుని కూర్చో.”

రోజూ అంతే. ఆ నెల మా ఫ్యాక్టరీలో లెక్కపెట్టినన్ని తొడుగులు ప్రపంచంలో ఎక్కడా లెక్కపెట్టి ఉండరు. కానీ పది నిమిషాలు ఎనిమిది గంటలకు ఎన్ని? నడుము నొప్పి పెరిగింది. ఇక మానేద్దామనే అనుకున్నాను.

అంతలో ఒకరోజు పది గంటలకు ఇన్‌స్పెక్టరు చెప్పకుండా వచ్చాడు. స్టూళ్లు బయటికి వచ్చాయి. కూర్చున్నాను. లోపల బిడ్డ ఒకసారి పక్కకు తిరిగింది, తనకూ చోటు దొరికినట్టు.

అరగంట కాలేదు. కంపెనీవాళ్ల దేశంలోని పై ఆఫీసు నుంచి మర్నాడు రావలసిన ఆవిడ ఆ రోజే వచ్చేసింది. మేనేజరు స్టోరుకు పరుగెత్తాడు. స్టోరు మా బల్లలకు ఎదురుగానే. మాటలన్నీ వినబడ్డాయి.

“అత్తా, స్టూళ్లు లోపలికి! త్వరగా!”

“ఇన్‌స్పెక్టరు గారు ఇంకా ఉన్నారు కదా బాబూ.”

“ఆయన్ని నా గదిలో కూర్చోబెట్టానులే.”

“ఆయనకు కుర్చీ దొరికిందన్నమాట.”

“హాస్యాలకు వేళా ఇది?”

“హాస్యం కాదు బాబూ. పొద్దున ఇచ్చిన సరుకు షిఫ్టు అయ్యాకే తిరిగి తీసుకోవాలి. మధ్యలో తీసుకోకూడదు. మీ ఎర్ర పుస్తకంలోదే. మీరే కదా చదివించి సంతకం పెట్టించారు.”

“ఈ ఒక్కసారికి సర్దుకో అత్తా. నీకు దణ్ణం పెడతాను.”

“రూలు ఉంది బాబూ. నేనేం చెయ్యను?”

నా వెన్ను నిటారుగా అయింది. ఆ మాట ఎవరి కోసం అందో నాకు తెలుసు.

అప్పటికే పై ఆఫీసు ఆవిడ, ఆవిడ మాటలు మా భాషలోకి మార్చి చెప్పే అమ్మాయి లోపలికి వచ్చారు. ఆవిడ స్టూళ్ల వైపు చూసి ఏదో అడిగింది. “ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయని అడుగుతున్నారు” అంది అమ్మాయి. అత్త తన పుస్తకం తెచ్చి తెరిచింది.

“రెండేళ్లయిందండీ. ఐదుసార్లు బయటికి వచ్చాయి.”

“మిగతా రోజులు?”

“లోపల విశ్రాంతి తీసుకుంటాయి. మా పిల్లల వంతు కూడా అవే తీసుకుంటాయి.”

అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి ఆ మాట చెప్పేసింది. ఆవిడ నవ్వలేదు. ఒక బల్ల దగ్గర నిలబడి అటూ ఇటూ చూసింది. తమ దేశంలో ఒక్కొక్కరు నాలుగు బల్లల మధ్య తిరుగుతూ పని చేస్తారట. స్టూలు తగిలి ఒకరు పడి కాలు విరగ్గొట్టుకున్నారట. అందుకని రాసిన వాక్యమట అది. “ఇక్కడ ఒక మనిషికి ఒక్క బల్లేనా?” అని రెండుసార్లు అడిగింది. ఇన్నేళ్లలో అక్కడివాళ్లు మమ్మల్ని అడగలేదు, మేము చెప్పలేదు.

గొడవ విని ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు. ఎర్ర పుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీ తిప్పి పైకి చదివాడు: ‘ఏ దేశంలో పని చేస్తామో ఆ దేశపు చట్టం మాకు శిరోధార్యం.’ ఆ పేజీలో ఛైర్మన్ గారి ఫొటో ఉంటుంది. ఫొటో ఉన్న పేజీ కదా అని మాలో ఎవరమూ చదవలేదు. మేనేజరు సహా.

పుస్తకంలో మాట మార్చే అధికారం తనకు లేదని, రాసి పంపుతానని ఆవిడ అంది. ఇన్‌స్పెక్టరు మాత్రం, స్టూళ్లు తీయరాదని తన ఉత్తర్వు అక్కడికక్కడే రాశాడు. సాయంత్రం గంట కొట్టాక అత్త అలవాటుగా గది తాళం తీసి నిలబడింది. మేనేజరే వచ్చి, “ఉండనీ అత్తా” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. బరువేదో దించుకున్న మనిషి గొంతు అది.

అడక్కుండా మాట్లాడినందుకు అత్తకు మందలింపు కాగితం వచ్చింది. దాన్ని జిగురు డబ్బా కింద పరిచింది, బల్లకు జిగురు అంటకుండా. నేను సెలవు దాకా మిగిలిన రోజులన్నీ కూర్చునే పని చేసి, సెలవులో బిడ్డను కన్నాను. మా ఫ్యాక్టరీ వరకు ఆ వాక్యం తీసేశామని పైనుంచి ఉత్తరం వచ్చేనాటికి పాపకు రెండో నెల.

పోయిన వారం అత్త పని విరమించింది. స్టోరు అప్పగించే రోజు, “తొడుగులు లెక్కపెట్టాలి, రా” అని నన్ను పిలిచింది. ఈసారి నిజంగానే లెక్కపెట్టాం. కొత్తగా వచ్చినాయన జాగ్రత్తపరుడు. పుస్తకంలో వరస వరస చూస్తూ ఒకచోట ఆగాడు.

“ఇరవై స్టూళ్లు ఇచ్చినట్టుంది. తిరిగి వచ్చినట్టు లేదేంటమ్మా?”

“అవి రావు బాబూ. వాటి మీద మనుషులున్నారు.”

ఆయన కలం పట్టుకుని ఆ గడి వంక చూస్తున్నాడు. “మరి ఇక్కడేం రాయమంటారు?”

“ఖాళీగా వదిలెయ్” అంది అత్త, గుత్తిలోంచి వెనక గది తాళంచెవి విడదీసి ఆయన చేతిలో పెడుతూ.