కిల్‌డేర్‌లో ఆగకుండా జపాన్‌కి

ఆ రోజుల్లో మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లు, మనిషికీ లోకానికీ మధ్య ఐదు కిలోమీటర్లు. ఇప్పుడు చెబితే కట్టుకథలా ఉంటుంది గానీ, ఐర్లండ్‌లో ఇంటి నుంచి ఆ ఐదు దాటాలంటే గార్డులకు (ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు) సంజాయిషీ చెప్పుకోవలసిన కాలమది. అలాంటి కాలంలో మా ఆవిడా నేనూ జపాన్ చూసి వచ్చామంటే ఎవరూ నమ్మరు. నమ్మిన ఒకే ఒక్క మనిషి మా అత్తగారు. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

అప్పటికి మా పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. నాది తెనాలి, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. మా ఆవిడది వరంగల్, డబ్లిన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. కాపురం సిటీవెస్ట్‌లో, బాల్కనీలోంచి చూస్తే లువాస్ ట్రాము కనిపించే అద్దె ఫ్లాటులో. నేను ఆమెను డాక్టరమ్మా అనేవాణ్ణి, ఆమె నన్ను సారూ అనేది (అందులో గౌరవం పాలు ఎంతో నేనెప్పుడూ తూచి చూసుకోలేదు). హనీమూనుకి జపాన్ అన్నది ఆమె ఆలోచనే. అదీ అందరూ వెళ్ళే జపాన్ కాదు. ఒక కుందేళ్ళ దీవి, ఒక ఇసుక దిబ్బల ఊరు, మనుషులకన్నా దిష్టిబొమ్మలు ఎక్కువున్న ఒక కొండపల్లె. ఇది విని మా అత్తగారు ఫోనులో, "గదేం పాడు బుద్ధే! కొత్తగ పెండ్లైనోళ్ళు దిష్టిబొమ్మల్ని చూస్తానికి పోతరా?" అని నెత్తి కొట్టుకుంది. ఆవిడ దిష్టే తగిలిందో ఏమో, టికెట్లు కొన్న నెలకే విమానాలన్నీ ఆగిపోయాయి.

హనీమూను సంగతి అలా ఉంచితే, ఆ వసంతమంతా డాక్టరమ్మ కొవిడ్ వార్డులోనే ఉంది. ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే బట్టలు సంచిలో వేసి, స్నానం చేసి, గోడకేసి చూస్తూ కూర్చునేది. మా ఇంట్లో గలగల మాట్లాడే మనిషి ఆమే. ఆమె మాట మానేసేసరికి ఆ లోటు పూడ్చాలని నేను అయినదానికీ కానిదానికీ మాట్లాడటం మొదలుపెట్టాను. ఒకరోజు టీ కప్పు అందుకోబోయి సగం ఒలకబోసింది. చేతులు వణుకుతున్నాయి. "నాతోని కాదిగ సారూ," అంది మెల్లగా. "పేషెంటు దగ్గరికి పోవాలంటేనే బుగులైతుంది. చేతులు నా మాట ఇంటలేవు. గిసొంటి చేతులతోని డాక్టరు పనెట్ల చేస్త? ఇగ మానేస్త." వాళ్ళ పెద్ద డాక్టరు సెలవిచ్చి, ఇంట్లో ఉండి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించేకొద్దీ మానెయ్యాలన్న పట్టుదలే పెరిగింది. నాకా, ఓదార్చడం చేతకాదు. ప్రోగ్రాము పాడైతే ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయడం ఒక్కటే తెలుసు.

అందుకని ఆంక్షలు కాస్త సడలగానే, ఐర్లండ్‌లో జపాన్ ఎక్కడెక్కడుందో వెతికాను. నమ్మండి, ఉంది! ఆ దేశపు పద్ధతిలో రాళ్ళు పేర్చి, నీళ్ళు పారించి పెంచిన తోటలున్నాయి. మొదట పక్క జిల్లా విక్లోలో ఒక పాత జమీందారీ బంగళా తోటకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఎర్ర వంతెన ఎక్కి దిగి, "మంచిగుంది" అని ఒక్క మాట అని కారెక్కేసింది. రెండోది కిల్‌డేర్‌లో, అన్నిటికన్నా పేరున్నది. దానికోసం వీడియోలు చూసి పరీక్షకు చదివినట్టు చదివాను. ఏ రాయికి ఏమర్థం, దీపస్తంభం నీడ నీటిమీదే ఎందుకు పడాలి, అన్నీ. తెల్లారితే ప్రయాణమనగా, కిల్‌డేర్ జిల్లాకు రాకపోకలు బందని టీవీలో చెప్పారు! నేను కుప్పకూలిపోయాను. డాక్టరమ్మ మాత్రం, "అందరు పోయే జాగ మనకి అచ్చిరాదు సారూ. ఎవ్వలు పోనిది లేదా?" అంది. ఎన్నో వారాలకి ఆమె అంతట ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. ఉంది. దక్షిణాన సముద్రపొడ్డున, ట్రామోర్ అనే ఊళ్ళో.

చిక్కేమిటంటే, ట్రామోర్ వెళ్ళే రోడ్డు కిల్‌డేర్ మధ్యలోంచే పోతుంది. దాటొచ్చు గానీ ఆగకూడదు. మోటారువే మీద గార్డు మా కారు ఆపి, "ఎక్కడికి బయల్దేరారు?" అని అడిగాడు. గార్డు కనిపిస్తే నాకు నాలుక తడబడుతుంది. "జపాన్‌కండీ" అనేశాను. ఆయన నన్ను చూశాడు, వెనకసీట్లో ఉన్న పులిహోర డబ్బా చూశాడు, ముఖంలో ఒక్క నరం కదలకుండా, "గ్రాండ్. దారిలో కిల్‌డేర్‌లో మాత్రం ఆగకండి" అని పంపేశాడు. పక్కనుంచి కిసుక్కున శబ్దమొచ్చింది. తిరిగి చూస్తే డాక్టరమ్మ కిటికీలోంచి మహా గంభీరంగా ఆవుల్ని చూస్తోంది.

ట్రామోర్ తోట కొండవాలులో ఉంది. చిన్న వాగు, మెట్లు, చెరువు, పైనుంచి చూస్తే సముద్రం. మేము వెళ్ళేసరికి పింఛనుదారుల గుంపొకటి మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా నిలబడి ఉంది. నేను మెడలో తాడుతో శానిటైజరు సీసా వేలాడదీసుకుని (అప్పట్లో అదే మంగళసూత్రం) డాక్టరమ్మకి నా పాండిత్యం ఒలకబోస్తున్నాను. గులాబీరంగు రెయిన్‌కోటు పెద్దావిడ ఒకరు దగ్గరికొచ్చి, "నువ్వేనా గైడువి, లవ్?" అని అడిగింది (ఇక్కడి పెద్దవాళ్ళకి ఎదురైనవాళ్ళంతా 'లవ్'లే). కాదనడానికి నోరు తెరిచానో లేదో, వెనకనుంచి డాక్టరమ్మ, "ఆయనేనండీ. చాలా మంచి గైడు" అంది స్వచ్ఛమైన ఇంగ్లీషులో. నేను గుడ్లురిమితే తెలుగులో, "చదివినవు గద, చెప్పు" అంది.

ఇక చూడండి నా వైభవం! గుంపంతా నా వెనక. మెట్టు మెట్టుకీ ఆగి చెప్పాను. నీటి మౌనమే తోటకి ప్రాణమన్నాను. చెరువుగట్టున ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ రెండు రాళ్ళుంటే, "ఇవి దంపతుల రాళ్ళు" అని ప్రకటించాను (జపాన్‌లో అలాంటివి ఉన్న మాట నిజం. ఇవి అవునో కాదో ఆ రాళ్ళకే తెలియాలి). అప్పుడు వెనక వరసలోంచి డాక్టరమ్మ చెయ్యెత్తింది. "గైడుగారూ, ఆ రెండింట్లో ఎక్కువ మాట్లాడేది ఏదండీ?"

అందరూ ఘొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది రెయిన్‌కోటు పెద్దావిడ భర్త, ఆరడుగుల పైనున్న మనిషి. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. నోట్లో చప్పరిస్తున్న టాఫీ గొంతుకి అడ్డం పడింది. చేత్తో మెడ పట్టుకున్నాడు. దగ్గు లేదు, శబ్దం లేదు, ముఖం కందగడ్డలా అయిపోతోంది. అప్పుడు జరిగింది నేనెప్పటికీ మరవలేను. అందరం చూస్తున్నాం, అందరి కాళ్ళూ ఒక్క అడుగు వెనక్కే వేశాయి. నావి కూడా. మనిషి దగ్గరికి వెళ్ళకూడదని నెలల తరబడి నేర్పిన కాళ్ళు అవి.

ఒక్క మనిషి మాత్రం ముందుకి ఉరికింది. "నేను డాక్టర్ని, జరగండి!" ఆయన్ని వంచి వీపుమీద అరచేత్తో చరిచింది. రాలేదు. వెనకనుంచి రెండు చేతులూ చుట్టేసింది. ఆమె తల ఆయన వీపు సగానికి కూడా రాదు. "సారూ, ఏం చూస్తున్నవ్? ముందుకొచ్చి వంగెటట్టు పట్టుకో!" అని తెలుగులో కేకేసింది. నేనొక భుజం పట్టుకుంటే, తెలుగు ఒక్క ముక్క రాని ఐరిష్ పెద్దమనిషి ఇంకొకాయన రెండో భుజం పట్టుకున్నాడు (ఆ గొంతు విన్నాక ఏ భాషవాడైనా పట్టుకోవలసిందే). ఒక్క ఊపు. ఇంకొకటి. మూడోసారికి టాఫీ ఎగిరి, నేను అంతసేపు వర్ణించిన మౌనజలాల్లో టప్పున పడింది.

ఆయన ఊపిరి పీల్చిన చప్పుడుకన్నా గొప్ప సంగీతం నేను వినలేదు. డాక్టరమ్మ ఆయన్ని బల్లమీద కూర్చోబెట్టి నాడి చూసి, తను పొట్టమీద గట్టిగా నొక్కింది కాబట్టి ఈరోజే డాక్టరుకి చూపించుకోవాలని మాట తీసుకుంది. పెద్దావిడ ఏడుస్తూ చేతులు చాచి, నియమం గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయి, "నిన్ను కౌగిలించుకోవడానికి కూడా లేదు కదమ్మా" అంది. చివరికి ఇద్దరూ మోచేతులు ఆనించుకున్నారు, కళ్ళనిండా నీళ్ళతో. పెద్దాయన మాత్రం గొంతు సవరించుకుని నావైపు తిరిగి బొంగురుగా, "ఇంతకీ చెప్పు బాబూ, ఎక్కువ మాట్లాడేది ఏ రాయి?" అన్నాడు.

"పెద్దదండీ," అన్నాను. "పని చేసేది చిన్నది."

కారెక్కాక డాక్టరమ్మ రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. "వణకలే సారూ," అంది. "ఏం చెయ్యాలె అని నేను అనుకునే లోపట్నే అవే చేసినయ్." తర్వాత చాలాసేపు ఏడ్చింది. వార్డులో జరిగినవన్నీ ఆరోజు మొదటిసారి చెప్పింది. నేను కారు తాళం పక్కన పెట్టి చివరిదాకా విన్నాను. సెలవు అయిపోగానే డ్యూటీకి వెళ్ళింది. ఆ తర్వాత వచ్చిన చలికాలం వసంతంకన్నా కష్టంగా గడిచింది. అయినా రోజూ వెళ్ళింది. నేనేమో మా ఆవిడ చేసిన పని లువాస్‌లో పక్కసీటువాళ్ళకి కూడా, మాస్కులోంచే, చెప్పుకుంటూ తిరిగాను. అత్తగారికైతే మొత్తం కథ చెప్పాను. అంతా విని ఆవిడ అడిగింది: "పాపం, గా జపానాయన ఇప్పుడు మంచిగున్నడా?"

టాఫీ ఎగిరిన రోజు సాయంత్రం ట్రామోర్ బీచి గట్టుమీద కూర్చుని చిప్స్ తింటుంటే, ఆ పింఛనుదారుల మినీబస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. కిటికీల్లోంచి చేతులు ఊపుతూ "గైడ్! గైడ్!" అని అరిచారు. నేను లేచి నిలబడి, జపాన్ పద్ధతిలో నడుం దాకా వంగి, బస్సు మలుపు తిరిగేదాకా దండాలు పెడుతూనే ఉన్నాను. వాళ్ళు ఊపింది నాకు కాదనీ, నా పక్కన నోటినిండా చిప్స్‌తో నవ్వుతున్న మనిషికనీ అప్పటి నేనైన ఆ కుర్రాడికి తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే వాడిమీద జాలి, నవ్వు రెండూ వస్తాయి. అయినా వాణ్ణి తప్పు పట్టను. అలాంటి మనిషి పక్కన నిలబడే అదృష్టం దొరికినవాడు కాస్త ఎక్కువే వంగుతాడు.