తొలి మొక్క కుడిచేత్తో

మామిడి కొమ్మ కోసినప్పుడు కారే సొన వాసన తగిలితే ఇప్పటికీ నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర దానంతటదే ఒకసారి తిరుగుతుంది. అది నాది కాదు, మంగాయమ్మగారి తిప్పు. కడియంలో ఆవిడ నర్సరీలోనే నేను అంటు కట్టడం నేర్చుకున్నాను. టెంక మొక్క తల కోసి, చీల్చి, మంచి జాతి పుల్లను అందులో దించి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టాలి. ఆ బిగింపంతా మణికట్టులో ఉంటుంది. మొదటి ఏడాది నేను కట్టినవాటిలో సరిగ్గా అంటుకున్నది నా వేళ్లకు సొన ఒక్కటే. "ఇదేంటయ్యా, అంటు కట్టావా, దెబ్బకి కట్టు కట్టావా?" అనేవారు ఆవిడ.

నేను చేరేనాటికే ఆవిడకు కీళ్లవాతం. పొద్దున్నే వేణ్ణీళ్ల గిన్నెలో చేతులు ముంచుకుంటే గాని పిడికిలి ముడుచుకునేది కాదు. తొంభైల చివరికి కుడి మణికట్టు వాచి, పక్కకు ఒరిగి, కత్తి పట్టు జారిపోయింది. చెన్నై తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు రెండు దారులు చెప్పారు. ఎముకల్ని కలిపి బిగించేస్తే నొప్పి పోతుంది, చెయ్యి ఇక వంగదు. కృత్రిమ కీలు వేస్తే వంగుతుంది, కాని బరువులు ఎత్తకూడదు, అది ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పలేరు.

"వంగని చేత్తో నేనేం కట్టనండి? కీలే వెయ్యండి," అన్నారు.

నొప్పి నిజంగానే పోయింది. కొన్ని నెలలకు మళ్లీ పట్టీ పట్టారు. "ఇన్నాళ్లకి నా మణికట్టులో మణి పడిందయ్యా," అని మురిసిపోయారు. ఆ తర్వాతి ఏళ్లే ఆవిడకు మంచి రోజులు.

అయితే ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏ ఊరికి లారీ కదిలినా తొలి మొక్కను యజమాని కుడిచేత్తో ఎక్కించాలి. ఎడంచేత్తో పంపిన మొక్క బతకదని వాళ్ల అత్తగారి మాట. మట్టి సంచితో కలిపి మామిడి మొక్క బరువు తక్కువేం కాదు.

"డాక్టరుగారు వద్దన్నారు కదండి," అన్నాను.

"బరువు ఎత్తొద్దన్నారు. ఇది మొక్క."

ప్రతి లారీకీ ఆవిడే కుడిచేత్తో ఎత్తి ఎక్కించేవారు. జీతగాడి మాట అంతవరకే.

ఏడెనిమిదేళ్లు గడిచాక ఒకరోజు అంటు చుడుతూ ఆగిపోయారు. "లోపలేదో కదులుతోందయ్యా. నువ్వు కట్టిన అంటులాగ." ఎక్స్‌రేలో కీలు ఎముకలోంచి వదులై కనిపించింది. ఆ మొక్కలు ఎత్తడం వల్లేనా అని అడిగాను. "కొంత కావచ్చు. ఏ బరువూ ఎత్తనివాళ్లకీ వదులవుతుంది. ఈ జబ్బు ఎముకని కూడా తినేస్తుంది," అన్నారు డాక్టరు. కీలు తీసేసి, తుంటి నుంచి ఎముక ముక్క తెచ్చి పెట్టి, ప్లేటుతో బిగించేశారు. మొదట ఆవిడ వద్దన్న దారే అది.

"చివరికి నాకే అంటు కట్టారు," అన్నారు ఇంటికొచ్చాక. నేను నవ్వబోయి, ఆవిడ నవ్వకపోవడం చూసి మానేశాను. ఆ అంటు బాగానే అతికింది. నొప్పి లేదు, తిప్పూ లేదు. కొప్పు కోడలు ముడిచేది. కత్తికి నూనె రాయించి నా చేతికిచ్చేశారు.

ఆ తర్వాత మొదటి లారీ ఒరిస్సాకి. డ్రైవరు ఎదురుచూస్తున్నాడు. ఆవిడ మొక్క ముందు నిలబడి, బిగిసిన చేతిని కాసేపు ఆకుల మీద ఆనించారు.

"నువ్వెత్తు. ఎడంచేత్తో."

"బతకదేమోనండి."

"కుడిచేత్తో పంపినవన్నీ బతికాయా ఏంటి? నా చెయ్యి పోయింది చాలు. ఎత్తవయ్యా."

ఎత్తాను.

ఆవిడ ఇప్పుడు లేరు. నాకో చిన్న నర్సరీ ఉంది. తొలి మొక్కను ఎడంచేత్తోనే ఎక్కిస్తాను. డ్రైవర్లు మొహం చిట్లిస్తారు. కొన్ని మొక్కలు బతుకుతాయి. కొన్నిటి చావుకబురు ఫోనులో వస్తుంది. అప్పట్లోనూ వచ్చేది.